మూడో ప్రకటన

ప్రకాశమయ్యగారిని ఎవరేం అడిగినా సూటిగా జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని చేసొచ్చేసరికి అడిగినవాడికి ప్రశ్నన్నా మిగలదు, నిద్రన్నా మిగలదు. రంగూను ఓడలు జనంతో నిండి వెళ్లే ఆ రోజుల్లో, గోదావరి లంకలో ఒక చిన్న గుడికి ఆయన పాస్టరు. ఆయన దగ్గర ఉపదేశి పని నేర్చుకుంటున్న ఏలీయా ఒక శనివారం వచ్చి అడిగాడు.

"అయ్యగారూ, చేసిన తప్పు దేవుడి దగ్గర ఒప్పుకున్నాను. ఆయన క్షమించాడు. ఇక మనిషితో కూడా చెప్పాలా?"

ఏం తప్పని అయ్యగారు అడిగితే దాచలేదు. ఆయన ఊళ్లు తిరిగే రోజుల్లో లంకలో ఎవరికి ఉత్తరం వచ్చినా ఏలీయాయే చదివి పెట్టాలి. రెండేళ్ల కిందట దీనమ్మకు రంగూను నుంచి ఉత్తరం వచ్చింది. ఆమెకు మాటిచ్చి ఓడెక్కిన గిద్యోను రాశాడు, మూడేళ్లలో వస్తాను, నా కోసం ఉండు అని. ఏలీయాకేమో దీనమ్మంటే ప్రాణం. పాపం, బుద్ధి గడ్డితింది. "నాకిక్కడ పెళ్లయింది, నన్ను మరిచిపో" అని చదివేశాడు. ఆమె బదులు రాయించలేదు. ఏడాదిపాటు ఏడ్చి, చివరికి ఏలీయానే చేసుకుంటానంది. గుడిలో వాళ్ల పెళ్లి ప్రకటన ఇప్పటికి రెండు ఆదివారాలు చదివారు. మర్నాడు మూడోది, ఆ పైన పెళ్లే.

అయ్యగారు అంతా విని రెండుసార్లు దగ్గారు. తన గొంతు పట్టేసిందనీ, రేపటి ప్రకటన అతన్నే చదవమనీ అన్నారు. పట్టేసిన గొంతట! పొద్దున్నే ఏటి అవతలున్న పడవవాణ్ణి కేకేసి రప్పించిన గొంతది.

పెళ్లికొడుకే తన ప్రకటన చదవడం లంకలో ఎవరూ ఎరగరు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. ఏలీయా రెండు పేర్లూ చదివాడు. "ఈ వివాహమునకు అడ్డంకి ఎరిగినవారు ఇప్పుడే చెప్పవలెను" అన్న ముక్కా చదివాడు. ఆ మాట తర్వాత అయ్యగారైతే ఊపిరి తీసుకునేంతసేపు ఆగి ముగించేవారు. ఏలీయా ఆగినవాడు ఆగిపోయాడు. ఇప్పుడు నోరు మెదపకపోతే బతికినంతకాలం ఆమె ముఖం చూడలేననుకుని పళ్లు బిగించాడు.

"నేనెరుగుదును" అన్నాడు. రెండేళ్లుగా బైబిల్లో దాచిన గిద్యోను ఉత్తరం తీసి, ఉన్నదున్నట్టు చదివాడు.

దీనమ్మ చాప మీంచి లేచింది. కోపంతో ఒళ్లంతా ఊగిపోతోంది.

"క్షమించానయ్యా. ఇవాళ చెప్పావు గనక క్షమించాను. పెళ్లి మాట మాత్రం ఎత్తకు. గిద్యోనుకు ఉత్తరం రాయాలి, అది నేనే రాస్తాను" అని, కాగితం అతని చేతిలోంచి తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఏలీయా ఉబ్బిన కళ్లతో అయ్యగారి అరుగెక్కాడు. ఆమెకు అక్షరం ముక్క రాదు కదా, ఇప్పుడెవరు నేర్పుతారని గొణిగాడు. అయ్యగారు లోపలికి వెళ్లి పలకా బలపం తెచ్చి అతని ఒళ్లో పెట్టారు.

"దీనమ్మ ఇందాకే వచ్చి, నీ దగ్గరే నేర్చుకుంటానంది నాయనా. ఒక్క అక్షరం కూడా తప్పు నేర్పకు."