కర్పూరం పెట్టెకు కాపలా

మఠంలో కర్పూరం తరిగిపోతోంది. రేవణ్ణకి పిచ్చెక్కిపోతోంది.

రేవణ్ణ అంటే బూదికొండ మఠంలో సామాన్ల గది చూసుకునే శిష్యుడు. భక్తికి లోటు లేదు. అనుమానానికి అసలే లోటు లేదు. అలాంటివాళ్లు ఇంటికొకరుంటారు. ఇప్పుడు పక్కవాళ్ల వైపు చూడకండి, బాగుండదు.

హారతి కర్పూరం ఒక కర్రపెట్టెలో ఉండేది. అది తగ్గుతోందని అనిపించగానే రేవణ్ణ పెట్టెని తన పడక దగ్గరికి, వంటింటి గోడ పక్కకి మార్చుకున్నాడు. అయినా తరుగుతోంది. తన కావి కండువాని దాని మీద కప్పి, ఆ కండువా మీద చెయ్యేసి పడుకున్నాడు. ఇంకా తరుగుతోంది. ఇలా కాదని పగలంతా వచ్చీపోతూ మూత తీసి చూసుకున్నాడు. శివశివా, మునుపటికన్నా జోరుగా తరుగుతోంది.

ఒక సాయంత్రం పెట్టె అడుగు బయటపడింది. ఇక ఆగలేక గురువుగారు చెన్నబసవ స్వామి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“స్వామీ, ఆ గంగులప్పని పంపించెయ్యండి. లేదంటే నేనే పోతాను.”

గంగులప్ప ఒకప్పుడు సంతల్లో జేబులు కత్తిరించి జైలుకెళ్లొచ్చినవాడు. ఇప్పుడు రోజూ దేవుడికి హారతి పళ్లెం అందించేది అతనే. ఈ మఠం కాకుండా అతన్ని లోపలికి రానిచ్చే గడప ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అది రేవణ్ణకి తెలుసు. తెలిసే అడిగాడు.

“ఏం చేశాడు?” అన్నారు స్వామి.

“కర్పూరం దొంగిలిస్తున్నాడు.”

“చూశావా?”

“చూడాల్సిన పనేముంది స్వామీ. నెయ్యి గడ్డకట్టినా కరిగినా గిన్నెలోనే ఉంటుంది. నీళ్లు మరిగి ఆవిరైతే మూతకి చెమటైనా పడుతుంది. ఈ పెట్టె అడుగున తడి లేదు, మూతకి చెమ్మ లేదు. గట్టి వస్తువు నీరైనా కాకుండా మాయమైపోతుందా? చెయ్యి పడితేనే పోతుంది.”

“ఇంతేనా, ఇంకా ఉందా?”

“ఉంది. వాడి కండువా వాసన చూశాను. కర్పూరం కొడుతోంది.”

స్వామి ఉస్సురన్నారు. వసారాలో హారతి పళ్లెం తోముతున్న గంగులప్ప పళ్లేన్ని బోర్లించి లేచాడు.

“నేనే పోతాలే అన్నా. పొద్దస్తమానం ఆ పెట్టెలోకి, మళ్లీ నా మొహంలోకి చూసి చూసి నీ కళ్లు పోయేట్టున్నాయి.” అని మూలనున్న తన గుడ్డలు, విభూతి సంచీ మూట కట్టడం మొదలుపెట్టాడు.

“మూట కట్టింది చాలు. దండెం మీదున్న కండువాలు పట్టుకురా,” అన్నారు స్వామి. “రేవణ్ణా, ఇలా వచ్చి కూర్చో.”

కూర్చోగానే తుండుగుడ్డతో అతని కళ్లకి గంతలు కట్టారు.

“నేనిక్కడ మండిపోతుంటే ఈ ఆటలేంటి స్వామీ?”

“నేనూ మండిపోతూనే ఉన్నాను. ముందు వాసన చూడు. దొంగ కండువా ఏదో నువ్వే తేల్చు.”

మొదటిది ముక్కు దగ్గర పెట్టారు. “ఇది మీదే స్వామీ. విభూతి వాసన.”

రెండోది పెట్టారు. “దీనికి కర్పూరం వాసన ఉంది… కొంచెమే. హారతి దగ్గర నిలబడేవాళ్లకి ఈ మాత్రం ఉంటుందిలెండి.”

మూడోది పెట్టేసరికి రేవణ్ణ తల వెనక్కి లాక్కున్నాడు.

“ఇదే. స్వామీ, ఇదే. పెట్టెలోనే కాపురం పెట్టినట్టున్నాడు వెధవ. నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నాను, నా మాట ఎవరు విన్నారు?”

“గట్టిగా పట్టుకో. జారవిడవకు,” అంటూ స్వామి గంతలు విప్పారు.

చేతిలో కావి కండువా. దీపం అంటుకుని కాలినచోట తెల్లదారంతో కుట్టు. ఆ కుట్టు వేసుకుంది రేవణ్ణే.

రేవణ్ణ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నేను తియ్యలేదు స్వామీ,” అన్నాడు చివరికి.

“తియ్యలేదని నాకు తెలుసు. నీ పెట్టె పక్కనున్న గోడకి అవతల ఏముంది?”

“పొయ్యి.”

“గోడ వెచ్చగా ఉంటుందా?”

“ఉంటుంది.”

“రోజుకెన్నిసార్లు మూత తీస్తావు?”

రేవణ్ణ కండువా మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎన్నాళ్లుగానో తను కాపలా కాసినదంతా అందులోంచి, చుట్టూ గాలిలోంచి, గుప్పున కొడుతోంది.

“గాలికి జేబుంటే నేను కత్తిరించి తెచ్చిపెట్టేవాణ్ణి గదన్నా,” అన్నాడు గంగులప్ప.

రేవణ్ణ లేచి వెళ్లి అతని చేతిలోంచి మూట తీసుకున్నాడు. కోపంలో వేసిన ముడి, ఎంతకీ రాలేదు. పళ్లతో లాగి విప్పాడు. గుడ్డలు తీసి మూలన పెట్టాడు. విభూతి సంచీని దాని మేకుకి తగిలించాడు.

ఈలోగా గుడిలో గంట మోగింది. రేవణ్ణ గాభరాగా గురువుగారి వైపు తిరిగాడు.

“స్వామీ, హారతి వేళైంది. పెట్టెలో పలుకు కూడా మిగల్లేదు. ఇప్పుడు దేవుడి ముందు ఏం వెలిగించను?”

కర్పూరం ఘుమాయిస్తున్న కండువా భుజాన వేసుకుని నిలబడ్డ అతన్ని స్వామి కిందినుంచి పైదాకా చూశారు.

“నువ్వే వెళ్లి నిలబడు, నాయనా.”