చేయంటే హడలిపోయే చిలుక

అనగనగా ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు బలశాలి, నడిపివాడు యుక్తిపరుడు. చిన్నవాడు సుమకేతుకు ఒకటే అలవాటు, దేన్ని చూసినా "ఎందుకలా?" అని అడగడం.

ఏడు సముద్రాలకు అవతల కరాళుడనే మాంత్రికుడు. వాడు కేతకి అనే రాజకుమార్తెను ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉందట. ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. నడిపివాడు వెళ్ళాడు, వాడూ రాలేదు. "నువ్వైనా మిగలరా నాయనా" అని రాజు ఏడుస్తున్నా, సుమకేతు ఒక ముసలి తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు.

ఒడ్డు చేరాక తాబేలు చెప్పింది. "నాయనా, మీ అన్నలిద్దరూ వాడి వాకిట్లో రాళ్ళై పడున్నారు. పెద్దవాడు చిలుకను చేత్తో పట్టబోయాడు, నడిపివాడు వల విసిరాడు. చిలుక కెవ్వుమంది, మాంత్రికుడు ఊడిపడ్డాడు. ఒక్కమాట చెప్పు. నన్ను ముట్టుకుంటే తల లోపలికి లాక్కుంటానా, మళ్ళీ ఎప్పుడు బయటపెడతాను?"

"నీకు తోచినప్పుడు."

"అంతే. ఇక వెళ్ళు."

కరాళుడు పొద్దున్నే వేటకు పోగానే కేతకి తలుపు తీసింది. లోపల బంగారు పంజరం, అందులో చిలుక. ఎదమీద ఒక్క ఈక లేదు.

"ఎందుకలా బోడిగా ఉంది?"

"దాని ఈకలు అదే పీక్కుంటుంది రాకుమారా. తన ప్రాణం భద్రంగా ఉందో లేదోనని కరాళుడు రోజూ దాన్ని గుప్పిట్లో బిగించి గుండె చప్పుడు చూసుకుంటాడు. పాపం, చేయంటేనే దానికి హడలు."

సుమకేతు పంజరం తలుపు మెల్లగా తెరిచాడు. దూరంగా పోయి, అటు తిరిగి కూర్చుని, జామకాయ కొరుక్కుంటూ తినసాగాడు.

"చిలుక కోసం వచ్చారా, జామకాయల కోసం వచ్చారా?" అని కేతకి నవ్వింది.

"ఇవాళ్టికి జామకాయలకే!"

సాయంత్రమైతే గాదె వెనక దాక్కునేవాడు, తెల్లవారితే మళ్ళీ జామకాయే. మొదటి రోజు చిలుక మూలనే ముడుచుకుంది. రెండో రోజు తలుపు దాకా వచ్చి తొంగి చూసింది. మూడో రోజు నేలమీద నడుచుకుంటూ వచ్చి, ముందు అతని వేలు కొరికింది. నెత్తురొచ్చింది, అయినా అతను విదిలించలేదు. చిలుక ఆశ్చర్యంగా తల వంచి చూసి, జామకాయ ముక్క అందుకుని, అతని భుజమెక్కి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే, వేళ కాని వేళ, కరాళుడు వచ్చిపడ్డాడు! మంత్రదండం ఎత్తాడు, మళ్ళీ దించాడు. విసిరితే చిలుక కూడా రాయైపోతుంది కదా.

"పట్టుకోండి! మెడ నులిమేయండి! ఇప్పుడు కాకపోతే మనకిక బతుకు లేదు!" అని కేతకి అరిచింది.

సుమకేతు చేయి పైకి లేచింది. చిలుక గుండె అతని చెవి పక్కనే టకటకా కొట్టుకుంటోంది. లేచిన చేయి దించి, అరచెయ్యి తెరిచి చాపాడు.

"అమ్మా చిలకా, వాడి దగ్గరికి పోతావో, నా దగ్గరుంటావో, ఎగిరే పోతావో, నీ ఇష్టం తల్లీ."

"రావే నా ప్రాణమా, గూట్లోకి రా!" అంటూ కరాళుడు వేళ్ళు గుప్పిటలా వంచి పిలిచాడు.

చిలుక ఆ చెయ్యి చూసింది, ఈ చెయ్యి చూసింది. ఒక్కొక్క అడుగే వేస్తూ సుమకేతు అరచేతిలోకి దిగి, మెడ సాచి దగ్గింది. గురిగింజంత ఎర్రని పూస బయటపడింది.

"ఇది నాది కాదు," అంది చిలుక. "గొంతుకడ్డంపడి, ఇన్నాళ్ళూ కేక తప్ప మాట రానివ్వలేదు."

పూస నేలమీద పడి పగిలింది. కరాళుడు పచ్చికట్టెల పొగలా సుళ్ళు తిరిగి మాయమయ్యాడు. వాకిట్లో అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుని లేచారు.

"చిలుకను ఎలా పట్టావురా?" అన్నాడు పెద్దవాడు.

"పట్టలేదన్నయ్యా. అదే వచ్చింది."

ఏడు సముద్రాలూ మళ్ళీ దాటారు. కేతకికీ సుమకేతుకూ ఆకాశమంత పందిట్లో పెళ్ళయింది. వాళ్ళు తలంబ్రాలు పోసుకుంటుంటే, చిలుక పందిరి రాట మీద నుంచి దిగొచ్చి పెళ్ళికూతురి దోసిట్లోనే బియ్యం ఏరుకు తింది. ఎవరూ అదిలించలేదు. సుమకేతూ కేతకీ రాజూ రాణీ అయి మునిమనవలను ఎత్తుకునేదాకా చల్లగా ఏలారు. వాళ్ళ చల్లదనం మీకూ రావాలి తల్లుల్లారా.