అటక పాట

వేటపాలెం జనం మురహరి పాటకు చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు, వన్స్ మోర్ అని అరిచారు. ఒక్కరూ నవ్వలేదు. ఆడింది హాస్యనాటకం కాబట్టి చిక్కంతా అక్కడే వచ్చింది.

మురహరి చీరాల కరెంటాఫీసులో గుమస్తా. గొంతు మాత్రం గుమస్తాది కాదు. రాజు వేషం కట్టి పద్యం ఎత్తుకుంటే, పందిరి బయట సోడాబండి వాడు కూడా సోడా కొట్టడం ఆపి వినేవాడు. ఊళ్లో నాటకాల పిచ్చి ఉన్నవాళ్లంతా, బడిపంతుళ్లూ బట్టల కొట్ల వాళ్లూ మగ్గాల మీంచి లేచొచ్చిన వాళ్లూ, కలిసి నడుపుకునే మిత్రమండలికి అతనే పెద్ద ఆస్తి అని కార్యదర్శి పేరయ్య కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాడు. మురహరి వద్దనేవాడు కాదు.

ఆ మండలి దగ్గర ఒక పాత సంగీతనాటకం ఉంది. పేరు 'అటక మీది అల్లుడు'. ఆషాఢంలో కొత్తల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు కదా, ఇతగాడు తొక్కుతాడు. పెళ్లాన్ని చూడకుండా ఉండలేక దొంగచాటుగా వస్తాడు. అంతలో మామగారు ఇంటికి రానే వస్తాడు. అల్లుడు అటకెక్కుతాడు. కింద మామగారు కర్ర పట్టుకుని చెవులు రిక్కించి తిరుగుతుంటే, పైన బూజులో కూర్చున్న ఈ మహానుభావుడు విరహం పట్టలేక పాట అందుకుంటాడు.

"బల్లికుంది, పిల్లికుంది, అల్లుడికే లేదు దారి!"

ఏళ్ల తరబడి ఆ అల్లుడి వేషం బసవలింగం గారిదే. డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. మండలిలో రంగు పూసుకున్న ప్రతివాడికీ ఆయనే గురువు. ఆయన అటకెక్కితే ముందు వరస ముసలమ్మలు పొట్టలు పట్టుకుని నవ్వేవారు. మోకాళ్లు మొరాయించాక, ఈ యేడు అల్లుణ్ణి మురహరికి అప్పగించి తాను మామగారయ్యారు.

వేటపాలెంలో మురహరి ఆ 'దారి' అన్న మాట పట్టుకుని రాగం తీశాడు. హార్మోనియం మెట్లన్నీ ఎక్కి దిగి, మళ్లీ ఎక్కాడు. జనం ఆహా అన్నారు. మళ్లీ పాడమంటే అటక అంచుదాకా వచ్చి, దణ్ణం పెట్టి, మళ్లీ పాడాడు. అంతసేపూ మామగారు కింద కర్ర పట్టుకుని నిలబడే ఉన్నారు. ఆ తర్వాత ఎవరేం చేసినా నాటకం లేవలేదు. కోడికూర వడ్డించాక పప్పన్నం పెట్టినట్టయింది.

మర్నాడు పేరయ్య తేల్చేశాడు. "ఆదివారం మన ఊళ్లో ఆట ఉంది. అక్కడ కూడా నవ్వకపోతే దీన్ని కట్టిపెట్టేద్దాం. హాయిగా పౌరాణికాలు వేసుకుందాం. మురహరి ఉండగా మనకేం లోటు?"

పొగడ్తే గానీ మురహరికి అది ఒంటికి పట్టలేదు. గురువు ఇన్నేళ్లు నిలబెట్టిన నాటకం తన చేతుల్లో పోతోంది. రేపు ఊళ్లో ఆయన ముఖం ఎలా చూడాలి? అన్నం సయించలేదు, ఆఫీసులో లెక్క కుదరలేదు. ఆ బాధలోంచి, మనందరికీ పుట్టినట్టే, అతనికీ ఓ సాకు పుట్టింది. దాన్ని వెంటబెట్టుకుని మధ్యాహ్నం ఎండలో గురువుగారింటికి వెళ్లాడు.

బసవలింగం గారు నడవలో చాప మీద కూర్చుని విసురుకుంటున్నారు. పక్కనే దూలానికి పాతచీర ఉయ్యాల వేలాడుతోంది. పురిటికొచ్చిన కూతురి బిడ్డ అందులో నిద్రపోతోంది.

"గురువుగారూ, నాటకం పాతబడిందండీ," అన్నాడు మురహరి కూర్చోకుండానే. "ఈ రోజుల్లో ఆషాఢాన్ని ఎవరు లెక్కచేస్తున్నారు? ఇంక నవ్వెక్కణ్ణించి వస్తుంది? నా పాటలో అయితే లోపం లేదు. మీరూ విన్నారు."

"విన్నాను. లోపం లేదు," అన్నారాయన. "ఏదీ, అటక పాట ఓసారి పాడు."

"ఇక్కడాండీ? పాప లేస్తుంది."

"లేవకూడదు."

వంటింట్లోంచి గురువుగారి భార్య నీలావతమ్మ అట్లకాడతో సహా వచ్చేసింది. "పొద్దుట్నించీ ఏడ్చి ఏడ్చి ఇప్పుడే రెప్ప వాల్చింది. లేపారంటే పిల్లని మీ ఇద్దరికీ అప్పజెప్పి నేను బజారుకి పోతా, చెబుతున్నా!"

"పెరట్లోకి వెళ్దామండీ," అన్నాడు మురహరి.

"ఇక్కడే. మాట పోకూడదు, రాగం పోకూడదు. పాప లేవకూడదు. కానీ."

గురువు మాట. మురహరి ఉయ్యాల వంక చూశాడు, అట్లకాడ వంక చూశాడు, సగం గొంతు నోట్లోనే దాచుకుని మొదలుపెట్టాడు. 'బల్లికుంది' అనగానే ఉయ్యాల కదిలింది. ఊపిరి బిగబట్టి బొమ్మలా ఉండిపోయాడు. పాప చప్పరించి సర్దుకుంది. 'పిల్లికుంది' అని రహస్యం చెప్పినట్టు చెప్పాడు. 'అల్లుడికే' దగ్గర నీలావతమ్మను కళ్లతోనే బతిమాలుకున్నాడు. 'దారి' వచ్చేసరికి లోపల్నించి రాగం తన్నుకొచ్చింది, అలవాటైన ప్రాణం మరి. నోరు బారెడు తెరుచుకుంది, మెడనరాలు పొంగాయి, చెయ్యి గాల్లోకి లేచింది. చప్పుడు మాత్రం దోమ పాటంత కూడా లేదు.

నీలావతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు చేరగిలబడింది. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి.

"ఎందుకమ్మా నవ్వుతారు?" అన్నాడు మురహరి, అదీ గుసగుసగానే. దాంతో ఆవిడ నిలబడలేక చతికిలబడిపోయింది.

గురువుగారు విసనకర్ర పక్కన పెట్టారు. ఉయ్యాల తాడు పట్టుకుని మెల్లగా రెండూపులు ఊపారు. "మజ్జిగ తాగి వెళ్లు. ఎండగా ఉంది," అన్నారు.

మజ్జిగ దిగింది గానీ ఆ నవ్వు దిగలేదు. దారి పొడుగునా ఉడుక్కుంటూనే నడిచాడు మురహరి. ఆయన చెప్పదలుచుకున్నది కొంత తెలుస్తూనే ఉంది. తెలిసినకొద్దీ భయం కూడా వేసింది. నడవలో ఒక ముసలావిడ ముందు సరే, ఊరంతా చూస్తుండగా గొంతు మింగేసుకుంటే ఏమవుతుంది? మురహరి పనైపోయిందంటారు.

ఆదివారం హైస్కూలు ఆవరణ నిండిపోయింది. బట్టల కొట్ల షావుకార్లు ముందు కుర్చీల్లో సర్దుకున్నారు. వాళ్లంతా మురహరి గొంతు కోసమే వచ్చారు, ఆ సంగతి మురహరికీ తెలుసు. మొదటి రంగంలో పెళ్లాం మీద బెంగతో పాడే పద్యం చక్కగా పాడాడు, వన్స్ మోర్ అంటే మళ్లీ పాడాడు. ఒళ్లంతా ధైర్యం వచ్చేసింది. ఇక అటక సంగతి చూద్దామనుకున్నాడు.

అటకంటే ఏమీ లేదు, బల్లలు పేర్చి మీద తాటాకు చాప పరిచారు. మురహరి నిచ్చెనెక్కి కూర్చున్నాడు. కింద మామగారి వేషంలో గురువుగారు కర్రతో ప్రవేశించారు. హార్మోనియం శ్రుతి అందించింది. జనం కుర్చీల్లో వెనక్కి వాలారు. మురహరి గుండెల నిండా గాలి పీల్చాడు.

"బల్లికుందీ..."

కంచు మోగింది. కింద నడుస్తున్న మామగారు ఆగారు. తల ఎత్తలేదు, కళ్లెర్రజెయ్యలేదు. కర్ర లేని చెయ్యి నడుం దాకా లేచి, గాల్లో మెల్లగా అటూ ఇటూ ఊగింది, ఉయ్యాల తాడు పట్టుకున్నట్టు.

జనానికి అదేమీ తెలియలేదు. మురహరికి నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. చప్పట్లు చేతికందే దూరంలో ఉన్నాయి. నోరు తెరిస్తే చాలు, ఒళ్లో వచ్చి పడతాయి. వాటిని వదులుకోవడం ఎంత కష్టమో ఆ రుచి మరిగినవాడికే తెలుస్తుంది. మురహరి వదిలేశాడు.

"పిల్లికుంది..." అన్నాడు, పాప నిద్రపోతున్నట్టు.

హార్మోనియం ఆయన కంగారుపడి పైకి చూసి, గాలి తగ్గించాడు. వెనకనుంచి ఎవరో "సౌండు! సౌండు!" అని కేకేశారు. మురహరి ఉలిక్కిపడి పెదాల మీద వేలు పెట్టుకుని, ఆ కేకేసిన వాణ్ణి దీనంగా బతిమాలాడు.

మొదటి నవ్వు అక్కడ పుట్టింది.

మామగారు మునికాళ్ల మీద లేచి చెవి పైకి పెట్టారు. అల్లుడు కుంచించుకుపోయాడు. మామగారు కర్రతో అటకను పొడిచారు. "అల్లుడికే..." అన్న మాట కప్ప బెకబెకలాడినట్టు బయటికొచ్చింది. ఇక 'దారి' దగ్గర ఆ రాగం నోరంతా నింపుకుని, నరాలన్నీ ఉబ్బించుకుని, చడీ చప్పుడూ లేకుండా పైకి పాకి, పైనే తిరిగి, కిందికి దిగింది. ఆవరణ ఆవరణంతా విరగబడింది. షావుకార్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ముసలమ్మలు పొట్టలు పట్టుకున్నారు. తెర పక్కన పేరయ్య కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, నాటకం కట్టిపెట్టే మాట మరిచి, "వచ్చే నెల మళ్లీ వేద్దాం, మళ్లీ వేద్దాం," అంటున్నాడు.

నవ్వు కాస్త తగ్గేసరికి ముందు కుర్చీలోంచి ఒక షావుకారు లేచి అరిచాడు.

"వన్స్ మోర్!"

నలుగురూ అందుకున్నారు. వన్స్ మోర్, వన్స్ మోర్! అలవాటు కొద్దీ మురహరి మోకాళ్ల మీదికి లేచాడు. దణ్ణానికి చెయ్యి సగం లేచింది.

కింద మామగారు గిర్రున జనం వైపు తిరిగారు. కర్ర నేలకేసి కొట్టారు.

"ఎవరయ్యా ఆ అరిచేది? మా అటక మీద ఎవరూ లేరు."

మురహరి చెయ్యి దించుకున్నాడు. తాటాకు చాప నెత్తిమీదికి లాక్కుని, ఇంకాస్త లోపలికి జరిగాడు.