రివ్వడూ మూడో కొండా

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ మూడు కొండలు. కొండలకు ఇవతల ఒక మడుగు. అవతల ఇసుక దారి, దాని చివర ఒక పెద్ద పుట్ట. ఆ పుట్ట పక్కన ఏడాదికి ఒక్కరోజే ఒక వేరు దొరికేది. ఎంతటి జ్వరమైనా ఆ వేరు నూరి పోస్తే దిగిపోయేది.

వేరు కావలసినవాళ్ళు తమ కష్టం మీదే అక్కడికి చేరాలి. అది అడవి కట్టుబాటు. మడుగు ఈదాలి. మూడు కొండలూ సైకిలు మీద దాటాలి. ఇసుక దారిలో పరుగెత్తాలి. పొద్దు గూకేలోగా చేరితే చాలు, కొంగ ఆ వేరును ముక్కున కరుచుకొని ఎగిరివెళ్ళి ఇంట్లో ఇచ్చేది. చీకటి పడితే మాత్రం కొంగ ఎగరదు, దానికి చీకట్లో కళ్ళు కనపడవు.

జంతువులు సైకిలు తొక్కుతాయా అని అడక్కండి. ఆ అడవిలో తొక్కేవి. వెదురు సైకిళ్ళు.

ఆ అడవిలో రివ్వడు అనే ముంగిస ఉండేవాడు. పేరుకు తగ్గట్టే ఎప్పుడూ ఉరుకులే, పరుగులే. వాడికి బుల్లెమ్మ అని ఒక చెల్లెలు. ఆ ఏడు బుల్లెమ్మకు జ్వరం పట్టుకుంది. వారమైనా వదల్లేదు.

"అన్నా, వేరు తెస్తావుగా?" అంది బుల్లెమ్మ.

"తెస్తానమ్మా. పొద్దు గూకేలోగా కొంగమ్మ తలుపు కొడుతుంది చూడు," అన్నాడు రివ్వడు.

బుల్లెమ్మ ఆ జ్వరంలోనే ఒక పాట కట్టింది.

"ఆగాగు పొద్దా, అన్నొస్తున్నాడు.
మెల్లంగ పొద్దా, మెట్టెక్కుతున్నాడు."

పక్క బొరియలో ఒక ఏదుపంది అవ్వ ఉండేది. ఆ దారిని ఏడుసార్లు దాటిన మనిషి ఆవిడ. (ముళ్ళున్న మనిషి అనుకోండి.) బయల్దేరే ముందు రివ్వడిని పిలిచి కూర్చోబెట్టింది.

"ఒరే నాయనా, కొండెక్కేటప్పుడు నీ చెల్లెలి పాట పాడుకో. పాట తెగిందా, నువ్వు తొందరపడుతున్నావని గుర్తు. కాస్త తగ్గు. దిగేటప్పుడు కాళ్ళకు విశ్రాంతి ఇయ్యి. చదునున్నచోట ఆకలి వేయకముందే తిను. మొదటి కొండ మీద అందరూ నిన్ను దాటిపోతారు. పోనీ. నీకు ముందు రావడం కాదురా కావలసింది, పొద్దుండగా రావడం."

"అలాగే అవ్వా," అన్నాడు రివ్వడు. నిజంగానే అనుకున్నాడు పాపం.

తెల్లవారగానే బయల్దేరి మడుగు ఈదాడు. బాగానే ఈదాడు. ఒళ్ళు దులుపుకొని సైకిలెక్కాడు. మొదటి కొండ మొదలైంది. "ఆగాగు పొద్దా" అని పాడుకుంటూ మెల్లగా తొక్కసాగాడు.

మొదటి కొండ అందరికీ దగ్గర. అందుకే అడవి అంతా అక్కడే చేరింది. కోతులు డప్పులు కొడుతున్నాయి. చిలుకలు ఈలలు వేస్తున్నాయి. ఇంతలో వెనకనుంచి ఒక కొండముచ్చు సైకిలు మీద వచ్చాడు.

"ఏం రివ్వా, పాటలు పాడుకుంటూ పెళ్ళికి పోతున్నావా? నత్త కూడా నిన్ను దాటేస్తుందిరోయ్!" అని దూసుకుపోయాడు.

అందరూ గొల్లున నవ్వారు. రివ్వడికి తల కొట్టేసినట్టయింది. 'ఒక్క కొండే కదా,' అనుకున్నాడు. సీటు మీదనుంచి లేచి తొక్కాడు. రెండో చరణం దగ్గర పాట తెగింది. ఊపిరి అందలేదు. అయినా తగ్గలేదు. సరిగ్గా కొండ కొసన కొండముచ్చును దాటేశాడు. చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లు వాడికి తేనెలా ఉన్నాయి.

కొండముచ్చు సైకిలు దిగి, ఒక బుట్ట దగ్గర కూర్చుని మామిడిపండు తీశాడు.

"దిగిపోయావేం? ఇంకా రెండు కొండలున్నాయిగా?" అన్నాడు రివ్వడు, రొప్పుతూ.

"అవి నాకెందుకురా? నా పందెం ఇక్కడిదాకే. మా ఇంట్లో ఎవరికీ జ్వరం లేదు," అన్నాడు కొండముచ్చు, రసం నాకుతూ.

తన బలం సగం ఇక్కడే పోయిందని రివ్వడికి తెలిసింది. పొద్దుకేసి చూసి భయపడ్డాడు. దిగుడులోనూ కాళ్ళు ఆపకుండా తొక్కాడు. చదునులో తినడానికి ఆగలేదు. రెండో కొండ ఎక్కేసరికి తొడలు రాళ్ళయిపోయాయి. పాట రెండు మాటలకే తెగుతోంది.

మూడో కొండ అన్నిటికంటే నిట్టనిలువు. అక్కడ డప్పుల్లేవు, ఈలల్లేవు. ఒక్క పిట్ట కూడా లేదు. సగం దారిలో రివ్వడి కాళ్ళు పట్టేశాయి. సైకిలుతో సహా పడిపోయాడు. లేవబోయాడు. లేవలేకపోయాడు.

ఎప్పటికో ఒక ముసలి ఉడుము మెల్లగా తొక్కుకుంటూ వచ్చాడు. ఉదయం రివ్వడు దాటేసి వచ్చిన ఉడుమే.

"తినరా అబ్బాయి," అని తన మూటలోంచి నాలుగు మేడిపండ్లు ఇచ్చాడు. "నాకు ఆగడానికి వీల్లేదు. ఇంట్లో ముసల్ది మూలుగుతోంది."

"నువ్వెళ్ళు తాతా," అన్నాడు రివ్వడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పండ్లు తిన్నాక కాస్త ప్రాణం వచ్చింది. సైకిలు తోసుకుంటూ కొండ దాటాడు. ఇసుకలో కుంటుతూ పరుగెత్తాడు. పుట్ట దగ్గరికి చేరేసరికి పొద్దు గూకింది. అక్కడ కొంగ రెక్కలు ముడుచుకొని నిలబడి ఉంది.

"కొంగమ్మా, మా బుల్లెమ్మ..."

"ఎంత పని చేశావు నాయనా! ఒక్క పాటంత సేపు ముందొచ్చినా ఎగిరేదాన్ని. ఇప్పుడు నాకేమీ కనపడదు," అని కొంగ కూడా ఏడ్చింది.

రివ్వడు తెల్లవారేదాకా ఆగలేక, వేరు నోట కరుచుకొని, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. ఇల్లు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది. వేరు వంక చూసింది గానీ చెయ్యి చాపలేదు.

"తెల్లవారుజామున పోయిందిరా," అంది. "నువ్వు వస్తున్నావని ఆఖరిదాకా పొద్దుకు చెబుతూనే ఉంది."

రివ్వడి నోట్లోంచి వేరు జారి పడింది.

తర్వాత ఏడాది వేరు దొరికే రోజున రివ్వడు మూడో కొండ సగం దారిలో నిలబడ్డాడు. పక్కన ఒక నీళ్ళ కుండ, మేడిపండ్ల బుట్ట. ఎవరు ఆయాసపడుతూ వచ్చినా పండు చేతిలో పెట్టి, వాళ్ళ సైకిలు పక్కనే నడుస్తూ మెల్లగా పాడేవాడు.

"ఆగాగు పొద్దా, అన్నొస్తున్నాడు..."

ఆ రోజు వచ్చినవాళ్ళందరూ పొద్దుండగానే చేరారు. కొంగ ప్రతి ఇంటికీ ఎగిరింది. ఒక్క రివ్వడి ఇంటికి తప్ప.

నీతి: పక్కవాడి పందెం వేరు, నీ దారి వేరు. వాడి వేగం చూసి నీ బలమంతా మొదట్లోనే పోగొట్టుకుంటే, నీకోసం ఎదురుచూసేవాళ్ళు నష్టపోతారు.