తొమ్మిది చింతగింజల జెట్టి

ఎర్రగుట్ట వాలులో ఒక గొర్రెల మంద ఉండేది. మనుషుల ఊసు ఈ కథలో లేదు, మంద బాగోగులు మందే చూసుకునేది. చుట్టూ ముళ్లకంప దడి, దడికి ఒకే ఒక సందు, సందు పక్కన ఒక పాత తుమ్మమొద్దు. ఏటా వానలు తగ్గాక పొట్టేళ్లు ఢీకొట్టుకునేవి. గెలిచిన జెట్టి ఆ మొద్దును ఒక్కసారి కుమ్మాలి. పడిన గుంటలో తాబేలవ్వ చింతగింజలు పోసి చూసేది. ఎన్ని గింజలు పడితే అంత గొప్ప. ఆ లెక్కనే బతికున్న జెట్టీలకూ పోయిన జెట్టీలకూ కలిపి ఒక వరస కట్టారు.

వరసలో మొదటివాడు గండయ్య, ఐదు గింజలు. అతన్ని కళ్లతో చూసింది ఇప్పుడు తాబేలవ్వ ఒక్కతే. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు కదా, గండయ్య కొమ్ములు కూడా ఏడాదికింత పెరుగుతూనే ఉన్నాయి. రెండోవాడు సింగన్న, నాలుగు గింజలు. వయసు మళ్లినా ఇంకా మందలోనే ఉన్నాడు. ఇక ఇప్పటి జెట్టి మన బొల్లిజెట్టి. మూడేళ్లుగా ఓటమి ఎరగడు. అయినా మూడు గింజలే పడ్డాయని అతన్ని ఏడోవాడిగా కూర్చోబెట్టారు.

బొల్లిజెట్టి పుట్టు అనుమానపు మనిషి, అదే, అనుమానపు పొట్టేలు. గడ్డి పచ్చగా ఉంటే ఎవరు తడిపారని అడిగే రకం. ఆ ఏడోస్థానం అతనికి అరగలేదు. గింజల్లో పెద్దవి ఏరి తన గుంటలో పోస్తోందని తాబేలవ్వ మీద అనుమానం. ఆమెకు నూరిపోస్తున్నది సింగన్నేనని మరో అనుమానం. ముసలిగొర్రెలు నెమరేస్తూ, "ఇప్పటివాళ్లకు గట్టిగా ఎదురు నిలిచేవాడేడీ, గెలవక ఏం చేస్తారు? గండయ్య కాలంలో అయితేనా..." అన్నప్పుడల్లా అతని చెవులు నిక్కేవి.

"మీ తాతలు నేతులు తాగితే మా మూతులు వాసన చూడాలా?" అని కసిరేవాడు.

నాలుగో ఏడు కూడా అతనే గెలిచాడు. మర్నాడు మొద్దును కుమ్మాలనగా, దడి అవతల నుంచి ఒక గొంతు వినిపించింది.

"అల్లుడూ, నీకు జరుగుతున్నది అన్యాయం కాదటయ్యా?"

చూస్తే నక్క. బొల్లిజెట్టి వెనక్కి జరిగాడు. "నీకెందుకు నా న్యాయం?"

"నిన్ను అనుమానపడొద్దని ఎవరన్నారు? పడు! కానీ ఒక్కమాట విను. పాతవాళ్లంతా కుమ్మీ కుమ్మీ మొద్దు ఈ పక్క రాయిలా బిగుసుకుపోయింది. గండయ్యకు దొరికిన మెత్తదనం నీకెక్కడిది? గుట్టవైపు పక్క ఎవడూ ముట్టలేదు. అక్కడ కుమ్ము, నీ సత్తా ఏమిటో తేలిపోతుంది."

మూడేళ్లుగా తన మనసులో మెదులుతున్న మాట ఇంకొకరి నోట వచ్చింది. ఇక అనుమానం ఎక్కడుంటుంది? లోకంలో అందర్నీ అనుమానించిన బొల్లిజెట్టి, ఆ నక్కను మాత్రం నమ్మాడు.

తెల్లారి మంద అంతా చూస్తుండగా గుట్టవైపు పక్కన కుమ్మాడు. పెళ్లున చప్పుడు, గుప్పున పొడి. తాబేలవ్వ గింజలు పోసింది. ఐదు. ఆరు. గొర్రెలు నోళ్లు తెరిచాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది!

గుట్ట మీది బండ ఎక్కి నక్క గొంతు చించుకుంది. "విన్నారా? గండయ్య లేడు, గిండయ్య లేడు! ఇలాంటి తల ఈ భూమ్మీద పుట్టలేదు!"

గండయ్యను మించినవాడు పుడితే వాడికి తోడు అక్కర్లేదని, సందు దగ్గర ఒక్కడే కాపలా కాయాలని పూర్వం పెద్దలు కట్టుబాటు పెట్టారు. అలాంటివాడు పుడతాడని వాళ్లు కలలో కూడా అనుకోలేదు కాబట్టి అంత ధైర్యంగా పెట్టారు. ఇన్నాళ్లూ బొల్లిజెట్టితో కలిసి కాపలా కాసిన సింగన్న ఇక లోపలికి వెళ్లి పిల్లల మధ్య పడుకోవాలి.

సాయంత్రం వెళ్లబోతూ సింగన్న ఆగాడు. "ఒరే అబ్బాయ్, తల నొప్పిగా ఉందా?"

"లేదు పెదనాన్నా. ఏం, ఉండాలా?"

"నాలుగు గింజలకే నాకు రెండు రోజులు కళ్లు బైర్లు కమ్మాయి. గండయ్య మూడు రోజులు మేత ముట్టలేదట. నీకు తొమ్మిదికి ఏమీ కాలేదంటే, గొప్పతలే మరి." అని లోపలికి వెళ్లిపోయాడు.

కుళ్లు, ముసలాడికి కుళ్లు, అనుకున్నాడు బొల్లిజెట్టి. కానీ ఆ మాట తలలో దూరి కూర్చుంది. పోయినేడు మూడు గింజలకే తను పూటంతా తూలాడు. మరి ఈవేళ? మధ్యాహ్నం మేత కూడా మామూలు కంటే రెండు గుప్పెళ్లు ఎక్కువే తిన్నాడు. బతుకులో మొదటిసారి అతనికి తన మీదే అనుమానం వచ్చింది.

మొద్దు దగ్గరికి వెళ్లి గుంటలో నాలుక పెట్టాడు. చెక్క రుచి లేదు, మట్టి రుచి. చెదలు! లోపలంతా డొల్ల. సిగ్గుతో అతని ఒళ్లు వేడెక్కింది. సిగ్గు వెనకాలే భయం వచ్చింది. ఈ పక్క కుమ్మమన్నది ఎవరు? నక్క. తను మొదటివాడైతే నక్కకు ఏమిటి లాభం? సందు దగ్గర కాపలా ఇద్దరు కాదు, ఒక్కడు. వెనక దడి లోపల ఇరవైమంది పసిపిల్లలు.

పరుగున వెళ్లి సింగన్న ముందు తల వంచాడు. "పెదనాన్నా, నాది చెదల గొప్ప. ఆ పక్క కుమ్మమని చెప్పింది నక్క. నిన్ను అనుమానించాను, తప్పయింది."

"తప్పులు తర్వాత లెక్కెట్టుకుందాం. వాడికి తోడు ఎవరొస్తారంటావ్?"

"తోడేలు తప్ప ఎవరు?"

ఇద్దరూ చెవులు కొరుక్కున్నారు. సింగన్న మొద్దు చాటున నక్కాడు. బొల్లిజెట్టి సందులో ఒక్కడే నిలబడ్డాడు. తల ఎత్తే ఉంచాడు.

మసకచీకటి పడుతుండగా తోడేలు వచ్చింది, దాని వెనక గోతికాడి నక్క.

"రా తోడేలు మామా!" అని పిలిచాడు బొల్లిజెట్టి. "నీకోసమే చూస్తున్నా. తొమ్మిది గింజల తల ఎలా ఉంటుందో నీ మీదే చూడొచ్చని నక్క మామ మాటిచ్చాడు."

తోడేలు ఠక్కున ఆగి నక్క వైపు తిరిగింది. "ఏమిట్రా ఇది? కుర్రకుంక ఒక్కడే ఉంటాడన్నావు. పొద్దున లోయలో పడుకున్న నాకు నీ అరుపు వినపడింది. ఇలాంటి తల భూమ్మీద పుట్టలేదన్నది ఈ కుంక గురించేనా?"

"అయ్యో మామా, అది ఉత్తమాట! మొద్దుకు చెదలు పట్టాయి. వాడిది మామూలు తలే!"

"పొద్దున ఆ మాట, సాయంత్రం ఈ మాట. నన్ను వీడి కొమ్ములకు అప్పగించి, నా గుహ కొట్టేద్దామనా?"

"నీ మీద ఒట్టు, మెత్తని తల మామా!"

"మెత్తనిదైతే ముందు నువ్వెళ్లు" అని తోడేలు నక్కను వెనక నుంచి ఒక్క తోపు తోసింది.

బొల్లిజెట్టి నాలుగడుగులు వెనక్కి వేసి ఉరికాడు. నక్క గాల్లో పల్టీ కొట్టి ముళ్లకంపలో పడి కుయ్యోమంది. మొద్దు చాటున సింగన్న గట్టిగా దగ్గాడు. ఇంకా ఎంతమంది ఉన్నారో అనుకుని తోడేలు తోక ముడిచి లోయలోకి పారిపోయింది. నక్క వారం రోజులు ఒంటికి దిగిన ముళ్లు పీక్కుంటూనే ఉందట.

మర్నాడు బొల్లిజెట్టి మంద ముందు నిజం చెప్పి, తొమ్మిది గింజలూ లెక్కలోంచి తీయించాడు. మొద్దు గట్టిపక్కన మళ్లీ కుమ్మాడు. తాబేలవ్వ పోసి చూస్తే మూడు పట్టి, నాలుగోది జారి కింద పడింది.

"ఏడో చోటేరా నాయనా" అంది అవ్వ జాలిగా.

బొల్లిజెట్టి తూలుతూ వచ్చి సింగన్న పక్కన కూలబడ్డాడు.

"నొప్పా?" అన్నాడు సింగన్న.

"పగిలిపోతోంది పెదనాన్నా" అన్నాడు బొల్లిజెట్టి. ఆ మాట అంటూ నవ్వాడు. ఆ సాయంత్రం సందు దగ్గర ఇద్దరూ కలిసి కాపలా కాశారు.

నీతి: లోకాన్నంతా అనుమానించేవాడు, తన చెవికి ఇంపైన పొగడ్తను ముందు అనుమానించాలి.