నేల తాకని ముత్యాలు

అనగనగా బండలు కొట్టుకు బతికే ఒక ఊళ్ళో నాంచారి అనే కోడలుపిల్ల ఉండేది. ఉత్త భయస్తురాలు, ఆకు కదిలితే ఉలిక్కిపడేది. ఆమె మొగుడు రోజంతా రాయి కొట్టేవాడు. రాయి ముక్కయ్యేది, ముక్క పొడయ్యేది. కడుపుతో ఉన్న నాంచారి అది చూసి, "ఇట్లా పగిలిపోతూ పోతే చివరికేం మిగులుతుంది? నా బిడ్డ దేని మీద నిలబడుతుంది?" అని బెంగపడేది.

అప్పుడు ఊరి సత్రంలో ఒక పండితుడు దిగాడు. "బెంగెందుకమ్మా? చివర్న అణువు మిగులుతుంది. ఆవగింజకన్నా ఎంతో చిన్న గట్టి గుండు. అది పగలదు" అన్నాడు. నాంచారి హమ్మయ్య అనుకుంది.

ఆ తర్వాత నాంచారికి ముత్యాలనే కూతురు పుట్టింది. ఉయ్యాల్లో వేసే రోజున ఆ పండితుడి శిష్యుడొచ్చాడు. "మా గురువుగారు చెప్పింది కొంతేనమ్మా. అణువు ఉత్త గుండు కాదు. లడ్డూలో కిస్‌మిస్ పళ్ళలాగా అందులో ఇంకా చిన్నవి పొదిగి ఉన్నాయి. వాటిని బయటికి లాగాం కూడా" అన్నాడు. నాంచారి గుండె గుభేలుమంది. పగలదన్నదాంట్లోంచి ముక్కలూడొస్తాయా! అయినా లడ్డూ అన్నాడుగా, నిండుగానే ఉంటుందిలే అని మనసు చిక్కబట్టుకుంది.

ఆ తర్వాత ముత్యాలు బోర్లాపడే ఈడుకొచ్చింది. అప్పుడు శిష్యుడికి శిష్యుడొచ్చాడు. "బంగారాన్ని పల్చటి రేకు చేసి, కంటికి కనపడని గుండ్లు దాని మీదికి వదిలామమ్మా. దాదాపు అన్నీ అవతలికి దూసుకుపోయాయి. ఎక్కడో ఒకటి ఠపీమని వెనక్కొచ్చింది. అంటే అణువు నడుమ చిన్న గట్టి పలుకుంది. చుట్టూ అంతా ఖాళీయే..."

అంతే! ఆయన మాట పూర్తికాకుండానే నాంచారి పిల్లనెత్తుకుని ఇంట్లోకి పరిగెత్తింది. ఆయన వెంటపడి పిలిచినా తలుపు తియ్యలేదు. సగం విని లేచిపోతే అంతే మరి. నువ్వూ అంతేగా, కథ మధ్యలో లేచిపోతావు, వేలెడంత లేవు!

ఇంట్లో నేలకు పరిచిన బండంతా ఖాళీ అయితే పిల్ల అందులోంచి జారిపోదూ? ఇక ముత్యాలను కింద దించితే ఒట్టు. ఒళ్ళోనే తిండి, ఒళ్ళోనే నిద్ర. దాని ఈడు పిల్లలు బోర్లాపడ్డారు, వాళ్ళిళ్ళలో బొబ్బట్లు పంచారు. అడుగులేశారు, అరిసెలు పంచారు. నాంచారి ఇంట్లో మాత్రం పొయ్యి మీద మూకుడెక్కలేదు.

"ఒసేయ్ నాంచారీ, మరి నువ్వు దేని మీద నిలబడ్డావే?" అని అత్త కసిరింది.

"ఏమో అత్తా, నేనంటే మొండిదాన్ని. ఇది పసిగుడ్డు" అని నాంచారి ఏడ్చింది. ఆమె చేతులు పడిపోయాయి, కళ్ళు గుంటలు పడ్డాయి. వాడకం లేక పిల్ల కాళ్ళు పుల్లల్లా సన్నబడ్డాయి. అవి చూస్తే తల్లికి ఇంకా భయం.

ఒకనాటి మధ్యాహ్నం నాంచారికి గోడకానుకునే కునుకు పట్టింది. ముత్యాలు ఒళ్ళోంచి జారింది. ఠప్‌మని చప్పుడు! నాంచారి కెవ్వుమంది. కళ్ళు తెరవడానికి భయం. పిల్ల ఉందా, బండలోకి పోయిందా?

పిల్ల బండ మీదే ఉంది. నుదుటి మీద రేగిపండంత బొప్పి కట్టింది. ఆరున్నొక్క రాగం పెడుతోంది. నాంచారి ఆ బొప్పిని తడిమి తడిమి చూసింది. "ఆపింది అత్తా! నేల నా బిడ్డను ఆపింది!" అని ఏడుస్తూనే నవ్వింది.

ఆ కేకలకు, మళ్ళీ సత్రంలో దిగి ఉన్న ఆ బంగారు రేకు పండితుడు పరిగెత్తుకొచ్చాడు. "మిగతా సగం వినలేదు కదమ్మా! ఆ ఖాళీలో ఆ కిస్‌మిస్ పళ్ళలాంటి చిన్నవే కాపలా తిరుగుతుంటాయి. బండలోవి, పిల్లలోవి ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు, తోసేసుకుంటాయి. రేపు నా శిష్యుడొచ్చి, తిరగడం కాదు, మబ్బులా కమ్ముకుని ఉంటాయంటాడేమో!"

"మీరెన్నిసార్లు మార్చినా సరే బాబూ, ఈసారి చివరిదాకా వింటాను" అంది నాంచారి. అని, పిల్లను బండ మీదే కూర్చోబెట్టింది.

ఆ తర్వాత ముత్యాలు కాళ్ళకు బలమొచ్చింది. అత్త మూకుడెక్కించింది. బండ మీద వరసగా అరిసెలు పరిచారు. ముత్యాలు తూలుతూ వాటి మీద అడుగేసింది. నాంచారి రెండు చేతులూ చాచి వెనకే నడిచింది. కానీ పట్టుకోలేదు.

అణువు నిండా ఖాళీ ఉంది, అయినా నేల ఆపుతుంది.
కథ కంచి దారి పట్టింది, మన ఇంట్లో దీపం మలిగింది.
మంచం గట్టిగానే ఉంది, పడుకో, నిద్దరొస్తోంది!