కుమ్మరి వీధిలో మూత

రాచరికాలనాటి మాట. గోగులపాడు దొర రాఘవరాయుడు తన మేడలోనే మరుగుదొడ్డి కట్టించుకుని, మట్టిగొట్టం కొసను కింద కుమ్మరి వీధిలోకి వదిలించాడు. ఆ మురుగుకు వీధిలో పిల్లలు జబ్బుపడ్డారు.

కుమ్మరి నాంచారమ్మ వెళ్లి మొరపెట్టుకుంది.

"నీళ్లు పల్లానికే పోతాయి. మీరు పల్లంలో ఉంటే నేనేం చేసేది?" అన్నాడు దొర.

ఆమెకు ఒళ్లు మండింది గానీ బయటపడలేదు. "నిజమే దొరా. కానీ మేడలోంచి వచ్చేది ఊరంతా చూడటం తమకు మర్యాద కాదు. గొయ్యి తీసి మూతేసుకుంటాం, సెలవియ్యండి" అంది.

దొర మురిసిపోయి సరేనన్నాడు.

వీధివాళ్లు గొయ్యి తవ్వి, గొట్టం కొస మీద పెద్ద బాన బోర్లించి, చుట్టూ బంకమట్టి మెత్తారు. బయటికి దారిలేని కంపు గొట్టంలోంచే పైకెక్కి మేడంతా నిండింది. మర్నాడే దొర ముక్కు మూసుకుని వచ్చాడు.

"ఆ మూత తియ్యి."

"నీళ్లు పల్లానికి పోతే, కంపు మెరకకు పోతోంది దొరా. తమరు మెరకలో ఉన్నారు మరి."

దొర మెల్లగా, "దారేమైనా ఉందా?" అన్నాడు.

"ఉంది. గొట్టానికి ఒక వంపు పెడతాను. అందులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలుస్తాయి. మురుగు వాటిని తోసుకుని పోతుంది, కంపు వాటిని దాటి పైకి రాదు. గొయ్యి మాత్రం తమ పెరట్లోకి మార్చుకోవాలి."

దొర ఒప్పుకున్నాడు. వానలు మొదలయ్యేలోగా గొయ్యి పెరట్లోకి మారింది, పిల్లలు తేరుకున్నారు. నాంచారమ్మ ఆవంలో ఇంకొన్ని వంపుగొట్టాలు కాల్చడానికి పెట్టింది. ఈసారివి తమ వీధి ఇళ్లలో కట్టుకునే మరుగుదొడ్లకే.